కామా ఊపిరి పీల్చుకోవడానికి కాదు

అందరికీ నమస్కారం. ఇందాక పరిచయాల్లో విన్నాను. బ్యాంకులో రిటైరైనవాళ్లున్నారు, బళ్లో పాఠాలు చెప్పేవాళ్లున్నారు, పగలంతా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి సాయంత్రం ఎడిటింగ్ నేర్చుకుందామని వచ్చినవాళ్లున్నారు. 'ఈ వయసులో కామాలూ ఫుల్‌స్టాపులూ నేర్చుకోవాలా' అని ఒకరిద్దరు నవ్వారు కూడా. నేర్చుకోవాలండీ. నిజానికి మీకు కొత్తగా నేర్పాల్సింది తక్కువ. చిన్నప్పుడు బుర్రలో పడిపోయినదాన్ని తీసెయ్యడమే పెద్ద పని.

బళ్లో మనకేం చెప్పారు? కామా దగ్గర కాస్త ఆగు, ఫుల్‌స్టాప్ దగ్గర పూర్తిగా ఆగు. పైకి చదివే పిల్లలకి ఆ మాట చాలు. ఎడిటర్‌కి చాలదు. ఆయాసం వచ్చినచోటల్లా కామా పెట్టాలంటే, ఉబ్బసం ఉన్నవాళ్ల కోసం వేరే ఎడిషన్ వెయ్యాల్సి వస్తుంది.

పాత తాటాకు ప్రతులు చూడండి. మాటకీ మాటకీ మధ్య ఖాళీ కూడా కనిపించదు. పద్యం చివర నిలువు గీత ఒకటో రెండో ఉంటే ఉంటాయి. కామా, కొటేషన్, ప్రశ్న గుర్తు మనకి అచ్చు పుస్తకాలతో, ఇంగ్లీషు చదువుతో వచ్చినవి. మరి అవి లేకుండా అన్ని వందల ఏళ్లు ఎలా నడిచింది? ఆ పని చాలావరకు మన ప్రత్యయాలే చేశాయి, ఇప్పటికీ చేస్తున్నాయి. 'వచ్చాడా'లో చివరి దీర్ఘమే ప్రశ్న. 'రవీ సీతా వచ్చారు' అన్నప్పుడు ఆ రెండు దీర్ఘాలే ఇద్దర్నీ కలుపుతున్నాయి, మధ్యలో కామా లేకపోయినా నష్టం లేదు. దీర్ఘాలు తీసేసి 'రవి, సీత వచ్చారు' అని రాశారా, కామా ఉండి తీరాలి.

కాబట్టి గుర్తు పెట్టేముందు చూసుకోవాల్సింది ఒకటే: ఇది చేసే పని మాటలో ఇప్పటికే జరిగిపోయిందా? 'వచ్చాడా?' అని ప్రశ్న గుర్తు పెట్టడం ఆనవాయితీ, పెట్టండి. 'ఎప్పుడొస్తాడో తెలియదు' పక్కన మాత్రం వద్దు. 'ఎప్పుడు' కనబడగానే చెయ్యి ఆ గుర్తు మీదికి పోతుంది గానీ, అక్కడ ఎవరూ ఎవర్నీ ఏమీ అడగడం లేదు. 'కానీ' తర్వాత అలవాటుగా పడే కామా కూడా అంతే, నూటికి తొంభై చోట్ల దండగ.

ఇప్పుడు అసలు చిక్కు దగ్గరికి వద్దాం. ఈ వాక్యం చూడండి.

నేను డబ్బు తీసుకున్నానని మేనేజరు చెప్పాడు.

ఎవరు తీసుకున్నారు? మేనేజరు తన తప్పు ఒప్పుకున్నాడా, నా మీద నేరం మోపాడా? తెలుగులో రెండు అర్థాలూ వస్తాయి. నోటితో చెప్పేటప్పుడు గొంతు పట్టిస్తుంది, కాగితం మీద ఆ సాయం లేదు. 'అని' అనేది ఎవరో అన్న మాటని తెచ్చి అప్పజెబుతుంది కానీ, ఆ మాట ఎక్కడ మొదలైందో చెప్పదు. ఇక్కడ కొటేషన్ నగ కాదు, అవసరం: 'నేను డబ్బు తీసుకున్నాను' అని మేనేజరు చెప్పాడు. ఇప్పుడు తీసుకున్నది మేనేజరే. నేరం నా మీద మోపినట్టయితే, కొటేషన్‌తో పని జరగదు. 'డబ్బు తీసుకున్నానంటూ మేనేజరు నా మీద నింద వేశాడు' అని వాక్యమే మార్చాలి. ఇందులో ఇంకో మెలిక ఉంది. కొటేషన్ పెట్టారంటే, ఆ మనిషి అచ్చంగా ఆ మాటలే అన్నాడని మీరు పూచీ పడుతున్నట్టు. ఖాయంగా తెలియకపోతే రాసినవాళ్లకి ఫోన్ చేసి అడగండి. అడగడం కుదరకపోతే, 'తాను డబ్బు తీసుకున్నట్టు మేనేజరు చెప్పాడు' అని కొటేషన్ లేకుండా వెళ్లిపోండి. పోలీసు కేసు ఉన్న వార్తలో ఈ రెండు చిన్న గీతలు ఎంత టెన్షన్ పెడతాయో, డెస్కులో కూర్చున్నాక మీకే తెలుస్తుంది.

కామాతో గట్టెక్కలేనివీ ఉంటాయి. 'నిన్న రాజీనామా చేసిన మంత్రి తమ్ముడు' అంటే రాజీనామా ఎవరిది? 'చేసిన' తర్వాత కామా పెడితే తమ్ముడిదే అని సూత్రం ప్రకారం వాదించొచ్చు. పొద్దున్నే కాఫీ తాగుతూ పేపరు చదివే మనిషి సూత్రాలు చూడడు. 'మంత్రి తమ్ముడు నిన్న రాజీనామా చేశాడు' అని తిప్పి రాసెయ్యండి. వాక్యం సరిగ్గా లేనప్పుడు కామా మీద భారం వెయ్యడం నాకు నచ్చదు.

రెండు చుక్కల సంగతి అడుగుతారని తెలుసు. 'భారీ వర్షం.. మునిగిన పొలాలు'. హెడ్డింగులో స్థలం తక్కువ, అక్కడ ఆ చుక్కలకి ఒక ఉద్యోగం ఉంది, ఉండనివ్వండి. అదే అలవాటు వ్యాసంలోకి దిగితే మాత్రం సోమరితనం. వాక్యం ముగిసిందో లేదో తేల్చుకోలేక, ఆ పని పాఠకుడికి వదిలెయ్యడం. కనబడ్డ ప్రతిచోటా కామానా, ఫుల్‌స్టాపా అని రాసినవాళ్ల బదులు మీరే తేల్చండి.

అంకెలకి ఒక్క మాట: లక్షకి 1,00,000 అని మన పద్ధతిలోనే కామాలు వెయ్యండి. విదేశీ ఏజెన్సీ కాపీలో 100,000 అని వస్తుంది, చూసుకోకపోతే అలాగే అచ్చయిపోతుంది.

మీ ముందున్న కాగితంలో ఒక పేరా ఉంది, గుర్తులన్నీ తీసేశాను. పెన్సిల్‌తో పెట్టండి, పెన్ను వద్దు. పెట్టిన ప్రతి గుర్తుకీ ఎందుకు పెట్టారో మార్జిన్‌లో రెండు ముక్కలు రాయండి. కారణం తట్టకపోతే ఆ గుర్తు చెరిపేసి వాక్యం మళ్లీ చదవండి. అర్థం మారిందా లేదా అన్నది కూడా పక్కన రాయండి. ఇరవై నిమిషాలు చాలు. ఆ తర్వాత పక్కవాళ్లతో కాగితాలు మార్చుకుందాం.