ఆషాఢంలో మన లెన్సులు ఎక్కడ పడుకుంటాయి?

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డ తమ్ముళ్లూ, ముందు వరసలో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, వచ్చి కూర్చోండి. పెళ్లిలో ఎలాగూ కూర్చోనివ్వరు మన ఫొటోగ్రాఫర్లని.

ఈరోజు ఆగస్టు 19. 1839లో ఇదే తేదీన ఫ్రాన్స్‌లో డాగెరోటైప్ అనే తొలినాటి ఫొటో పద్ధతిని లోకానికి వెల్లడించారు, అందుకే ప్రపంచ ఫొటోగ్రఫీ దినోత్సవమని మనకీ పండగ. ఏటా ఈ రోజున లైటింగ్ గురించో, కొత్త కెమెరా బాడీల గురించో మాట్లాడుకుంటాం. ఈసారి లెన్సులు దాచుకోవడం గురించి చెప్పమని నన్ను లేపారు. ఆ విషయంలో మా విశాఖపట్నంలో నా అంత నష్టపోయినవాడు ఇంకొకడు దొరకలేదేమో మరి.

మన పనికి క్యాలెండర్ ఏది? పంచాంగం. ఆషాఢంలో పెళ్లిళ్లు లేవు. భాద్రపదంలో లేవు. మధ్యలో మూఢం వచ్చిందంటే అసలే లేవు. ఆషాఢం ఎప్పుడొస్తుంది? వానలు దిగే రోజుల్లో. అంటే మన లెన్సులు బ్యాగుల్లోంచి కదలకుండా పడుండేది సరిగ్గా గాలి తడితడిగా ఉండే రోజుల్లోనే. ఈ లెక్క నాకు అర్థమయ్యేసరికి ఒక 85 ఎంఎం లెన్స్ పోయింది.

2009 సంగతి. అప్పు చేసి కొన్న లెన్స్. దానికి నల్లటి తోలు కేసు కూడా కొన్నాను, ముచ్చటపడి. ఆషాఢం రాగానే ఆ కేసులో పెట్టి, బీరువాలో మా ఆవిడ పట్టుచీరల పక్కన భద్రంగా సర్దాను. పురుగు పట్టకుండా రెండు కలరా ఉండలు కూడా వేశాను. చీరలకు మంచిదైతే లెన్సుకి చెడ్డదవుతుందా అనుకున్నాను. శ్రావణంలో మొదటి ముహూర్తం. పెళ్లికూతురు కిటికీ దగ్గర నిలబడింది, వెనక నుంచి ఎండ. తీసిన ప్రతి ఫొటో పాలు కలిపినట్టు తెల్లగా, పేలవంగా వచ్చింది. సెట్టింగులు మార్చాను, ఫిల్టరు తీశాను, గాజు తుడిచాను. ఏం చేసినా అంతే.

మర్నాడు లెన్సులు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన ముందూ వెనకా మూతలు తీసి, అపర్చరు, అంటే లోపల వెలుతురు వెళ్లే కన్నం, మొత్తం తెరిచి, వెనక నుంచి సన్నటి టార్చి వేసి, కొంచెం ఏటవాలుగా పట్టుకున్నారు. "చూడు బాబూ" అన్నారు. లోపలి గాజు మీద అంచు నుంచి మధ్యకి పాకుతున్న సన్నటి తెల్లటి పోగులు. సాలీడు అప్పుడే అల్లడం మొదలుపెట్టినట్టు. మనవాళ్లు సాలెగూడునీ, ఊరగాయ మీద పట్టేదాన్నీ ఒకే మాటతో ఎందుకు బూజు అన్నారో నాకు ఆ రోజు తెలిసింది. ఆయన లెన్స్ విప్పి తుడిచారు. బూజు పోయింది. దాని కింద గాజు మీది కోటింగ్‌లో అదే ఆకారంలో మచ్చ మిగిలింది. అది మాత్రం పోదన్నారు.

ఎందుకు పోదంటే, ఈ ఫంగస్ పెరుగుతూ ఆమ్లాలు వదులుతుంది. అవి ముందు కోటింగ్‌ని, తర్వాత గాజుని తింటాయి. దాని విత్తనాలు, అంటే స్పోర్లు, ఈ హాల్లో గాలిలో కూడా ఉన్నాయి. మీ లెన్సులోనూ ఉన్నాయి. వాటిని రాకుండా ఆపలేం. ఊరగాయ జాడీలో తడి గరిటె పెడితే ఏమవుతుందో మన అమ్మలు చెప్పేవారు కదా, ఇదీ అంతే. తేమ, చీకటి, కదలని గాలి, తినడానికి కాస్త దుమ్మో వేలి జిడ్డో దొరికితే చాలు. గాలిలో తేమ 70 శాతం దాటి మూడు రోజులకు మించి అలాగే ఉంటే ఫంగస్ మొలకెత్తుతుందని ఒక లెక్క. మన విశాఖలో వానాకాలం 70 దాటని రోజు ఏది చెప్పండి! నేను 60 దగ్గరే కంగారుపడతాను.

ఇప్పుడు నా బీరువా గుర్తుచేసుకోండి. చీకటి ఉంది. గాలి ఆడదు. తోలు తేమని పీల్చి పట్టుకుంటుంది. అందుకే తోలు కేసు మోసుకెళ్లడానికే, దాచడానికి కాదు. మెత్తటి ఫోము ఉన్న కెమెరా బ్యాగూ అంతే. కలరా ఉండల ఆవిరి గాజు మీదా రబ్బరు మీదా చేరుతుంది. కెమెరాతో వచ్చే పుస్తకాల్లోనే రాసుంటుంది, నాఫ్తలీన్, కర్పూరం దగ్గర పెట్టొద్దని. మనం ఆ పుస్తకం కవరు కూడా చింపం.

సరే, ఏం చేయాలి? డబ్బుంటే డ్రై క్యాబినెట్ కొనుక్కోండి, అంటే లోపలి తేమని తగ్గించి ఉంచే కరెంటు బీరువా. తేమని 40, 50 శాతం మధ్య పెట్టి మర్చిపోవచ్చు. కరెంటు చాలా తక్కువ తింటుంది. ఇక్కడున్న సగం మందికి అది ఇప్పుడే కుదరదని నాకు తెలుసు. వాళ్లు సామాన్ల కొట్లో మూతకి రబ్బరు పట్టీ ఉండే ప్లాస్టిక్ డబ్బా కొనండి. లోపల తేమని పీల్చే సిలికా జెల్ గింజలు, ఒక చిన్న డిజిటల్ తేమ మీటరు. ఈ మీటరు దగ్గర పిసినారితనం వద్దు. అది లేకపోతే డబ్బాలో ఏం జరుగుతోందో మీకు తెలియదు. సిలికా జెల్ లేకుండా గాలి చొరని డబ్బాలో పెట్టడం అన్నిటికంటే అన్యాయం. వానరోజు మూత పెడితే ఆ తడిగాలినే లోపల బంధించినట్టు.

మీటరు నిజం చెబుతోందా అని అనుమానం వస్తే వంటింట్లోనే పరీక్ష ఉంది. చిన్న మూతలో ఉప్పు పోసి, ముద్దలా అయ్యేంత నీళ్లే కలిపి, మీటరుతో పాటు ఒక డబ్బాలో మూసి ఒక రోజు వదిలేయండి. 75 దగ్గర చూపించాలి. నాది 69 చూపించింది. అప్పటినుంచీ దానికి మనసులో 6 కలుపుకుని చదువుతున్నాను. ఆ ఉప్పు డబ్బాలో లెన్స్ మాత్రం పెట్టకండి, నవ్వుతున్నారు గానీ చెప్పాల్సిన బాధ్యత నాది.

సిలికా జెల్ గింజలు రంగు మారితే కడుపు నిండినట్టు. నీలం గింజలైతే గులాబీ రంగుకొస్తాయి. ఆరెంజ్ రకం ఆకుపచ్చగా అవుతుంది. ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర రెండు మూడు గంటలు వేడిచేస్తే మళ్లీ పనికొస్తాయి. నీలం వాటిలో కోబాల్ట్ ఉంటుంది, అది మంచిది కాదు. అందుకే కొనేటప్పుడు ఆరెంజ్ అడగండి, ఏ రకమైనా వంట గిన్నెల్లో మాత్రం వేయించకండి. ఇక బియ్యంలో పెట్టే అలవాటు. బియ్యం తేమని లాగేది అంతంతమాత్రం, పిండి దుమ్ము మాత్రం మౌంటులోకి, అంటే లెన్స్ కెమెరాకి బిగిసే చోటికి దూరుతుంది.

లోపల పెట్టే ముందు శుభ్రం చేయాలి. బీచ్‌లో ప్రీవెడ్డింగ్ చేసి వచ్చిన రోజు ఇది తప్పనిసరి. ముందు బ్లోయరుతో ఇసుక ఊదేయండి, తర్వాతే గుడ్డ. ఇసుక ఉండగా గుడ్డ వేస్తే ఫంగస్ అక్కర్లేదు, ఆ పని మీరే చేసినట్టు. బారెల్, అంటే లెన్స్ బయటి గొట్టం మీది ఉప్పుని కాస్త తడిపి పిండిన గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరాక మూతలు పెట్టండి.

ఏసీ గురించి ఒక మాట. రాత్రంతా ఏసీ గదిలో ఉన్న లెన్స్‌ని తెల్లవారుజామున బయటికి తీసి మూత తెరిస్తే గాజంతా చెమటలు పడుతుంది. అప్పుడు మనకు టెన్షన్, పదేపదే తుడుస్తాం. బ్యాగు జిప్పు తీయకుండా అరగంట, ముప్పావుగంట బయటి వేడికి అలవాటు పడనివ్వండి. మండపానికి మనం ఎలాగూ గంట ముందే వెళ్తాం.

అనంతపురం నుంచి వచ్చిన తమ్ముళ్లు నవ్వుకుంటున్నారు, మాకీ గోల లేదని. మీకు ఎండాకాలం వేరే గోల ఉంది. మే నెలలో కారులో లెన్స్ వదిలేస్తే లోపలి గ్రీజు పల్చబడి అపర్చరు బ్లేడ్ల మీదికి పాకుతుంది. బ్లేడ్లు అంటుకుపోయి నెమ్మదిస్తాయి. మూత తీసిన లెన్స్ ఎండలో పెడితే భూతద్దమే, కింద గుడ్డ ఉంటే కాలుతుంది.

హుద్‌హుద్ అప్పటికి నా దగ్గర క్యాబినెట్ ఉంది. 2014 అక్టోబరు 12. తుపాను దాటాక మా వీధికి రోజుల తరబడి కరెంటు లేదు. క్యాబినెట్ తలుపు బిగుతుగా ఉంటుంది కాబట్టి తెరవకుండా ఉంటే కొంతకాలం ఓర్చుకుంటుంది. నేనేమో లెన్సులు ఎలా ఉన్నాయోనని పూటకోసారి తెరిచి చూశాను. తెరిచిన ప్రతిసారీ బయటి తడిగాలి లోపలికి. మూడో రోజు మా ఆవిడే పాత డబ్బాలో ఉన్న సిలికా జెల్ తెచ్చి లోపల పెట్టి, తలుపు మీద ప్లాస్టరు అతికించి, "ఇంక ముట్టుకోకండి" అంది. ఆ ఏడు నాకు ఒక్క లెన్స్ కూడా పోలేదు.

పని లేని నెలల్లో వారానికోసారి లెన్సులు బయటికి తీయండి. ఎండ తగలని వెలుతురులో కాసేపు ఉంచి, జూమ్, ఫోకస్ రింగులు రెండు మూడుసార్లు తిప్పి, పిల్లలవో పక్కింటి పిల్లివో నాలుగు ఫొటోలు తీయండి. 2020 లాక్‌డౌన్‌లో మనలో చాలామంది బ్యాగు తెరవడానికే మనసు రాక నెలల తరబడి మూలన పడేశాం. ఆ తర్వాత బాగుచేసేవాళ్ల దగ్గర క్యూ ఎంత ఉందో మీకు తెలుసు.

టార్చి తెచ్చాను. టీ తాగేటప్పుడు ఆ వెనక బల్ల దగ్గర ఉంటాను. బ్యాగుల్లో ఉన్నవి పట్టుకురండి, మూతలు తీసి కలిసి చూద్దాం. పాత 50 ఎంఎంలు ముందు.