పన్నెండు వోల్టులు పదిహేను ఎలా అయ్యాయి?

పిల్లలూ, ఇవాళ ఏసీని, అంటే అటూ ఇటూ ఊగే కరెంటును, ఒకే వైపు పోయే డీసీగా మారుద్దాం. 230 వోల్టులను 12కి దించే ఈ ట్రాన్స్‌ఫార్మర్ పక్కన పెడితే మిగతా సామానంతా గుప్పిట్లో పట్టేస్తుంది. నాలుగు 1ఎన్4007 డయోడ్లు, ఛార్జిని కాసేపు దాచుకునే 1000 మైక్రోఫారడ్ల కెపాసిటర్, 1 కిలో ఓమ్ రెసిస్టర్లు రెండు, ఒక ఎల్‌ఈడీ. 230 వోల్టుల వైపు వైర్లు నేనే బిగించి డబ్బాలో మూసేశాను. ఇంట్లో చేసినా ఆ వైపు పని తెలిసిన పెద్దవాళ్లదే. మీరు ముట్టుకోవలసింది 12 వోల్టుల వైపు మాత్రమే.

చాలామంది అన్నీ ఒకేసారి బిగించేసి, ఎల్‌ఈడీ వెలగగానే పని అయిపోయిందనుకుంటారు. అలా చేయకండి. ముందు ఒక్క డయోడే పెట్టండి. నల్లటి ఒంటి మీద ఒక చివర వెండి రంగు పట్టీ ఉంటుంది చూడండి, కరెంటు ఆ పట్టీ వైపే బయటికి వస్తుంది, వెనక్కి పోదు. మన ఏసీ సెకనుకు 50 సార్లు ఊగుతుంది. ప్రతి ఊపులో సగమే ఈ డయోడు దాటుతుంది. రెసిస్టరు మీద మీటరు పెడితే 5 వోల్టులకు అటూ ఇటూ చూపిస్తుంది. ఇప్పుడు గదిలో లైట్లు ఆర్పి, ఎల్‌ఈడీని అడ్డంగా విసురుగా ఊపండి. వెలుగు గీతలా సాగదు, ముక్కలు ముక్కలుగా తెగిపోతుంది. డయోడు ఆపేసిన ఆ సగాలే మధ్యలో కనిపించే చీకట్లు!

తర్వాత నాలుగు డయోడ్లతో బ్రిడ్జి. రెండింటి పట్టీ చివరలు కలిపితే ప్లస్, మిగతా రెండింటి పట్టీ లేని చివరలు కలిపితే మైనస్. మిగిలిన రెండు జాయింట్లు ట్రాన్స్‌ఫార్మర్‌కి. ఇప్పుడు ఊపులో రెండు సగాలూ దాటుతాయి కాబట్టి ముక్కలు దగ్గరవుతాయి, మీటరు 9 దాటుతుంది.

కెపాసిటర్ దగ్గర మాత్రం తొందరపడొద్దు. చార ఉన్న కాలు మైనస్. చదువుకునే రోజుల్లో నేనొకసారి తిరగేసి పెట్టాను. ఢాం అని పేలి మూత ఎగిరిపోయింది, గదంతా ఘాటు వాసన. ముఖం దాని మీదికి వంచలేదు కాబట్టి బతికిపోయాను.

సరిగ్గా పెడితే మీటరు 15 దాటుతుంది. 12 ఇస్తే 15 ఎలా వచ్చింది? ఆ 12 అనేది ఆర్‌ఎంఎస్ విలువ, అంటే ఊగే వోల్టేజికి ఒక రకం సగటు. ప్రతి ఊపూ శిఖరం దగ్గర 17 వోల్టుల దాకా వెళ్తుంది. దారిలో రెండు డయోడ్లు చెరో 0.7 తీసుకుంటాయి. మిగిలిన 15.6ని కెపాసిటర్ పట్టి ఉంచుతుంది. లోడు, అంటే మనం లాగే కరెంటు, తక్కువైతే చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు 12 కన్నా ఎక్కువే ఇస్తాయి, అందుకే 17 కనిపించినా కంగారు పడకండి. 12 అని రాసుందని 16 వోల్టుల కెపాసిటర్ మాత్రం కొనకండి, 25 వోల్టులది తీసుకోండి.

ఇప్పుడు స్విచ్ ఆపితే ఎల్‌ఈడీ టక్కున ఆరదు, మెల్లగా కొడిగడుతుంది. మొదటి జట్టు ముందుకు రండి, లైట్లు ఆర్పేద్దాం.