నాలుగో లెవల్లో నా ఫోల్డరే నా చేతికొచ్చింది | గణితం రీసెర్చ్ డేటా గేమ్ రివ్యూ

అందరికీ నమస్తే, తిరుపతి నుంచి మాట్లాడతా ఉండా. గణితం రీసెర్చ్ డేటాని ఎట్లా దాచుకోవాలో నేర్పే గేమ్ ఇది. ముందే చెప్పేస్తా, గేమ్ తెరిచే కోడ్ తయారుచేసినోళ్లే ఫ్రీగా పంపించినారు. డబ్బులు తీసుకోలేదు, వీడియో వాళ్లకి ముందుగా చూపించలేదు. గేమ్ పేరు స్క్రీన్ మీద ఉండాది. సైజెంత, ఏ సిస్టమ్‌లో ఆడొచ్చు అనేవి ఈపాటికి చూసుంటారు, వాటి జోలికి పోను.

నేరుగా నాలుగో లెవల్‌కి వస్తా. దాని గురించే ఈ వీడియో. రెండో లెవల్లో మీరు గ్రాఫ్ థియరీ (చుక్కలూ, వాటిని కలిపే గీతల గణితం) లెక్కొకటి చేసి, రిజల్ట్స్ ఫోల్డర్లో పడేసి ముందుకు పోతారు. నాలుగో లెవల్లో మీరు వేరే మనిషి. పదేళ్ల తర్వాత ఎవరో ఒక ఫోల్డర్ చేతికిస్తారు. తెరిస్తే అది మీరు పెట్టిందే! 'రిజల్ట్ న్యూ', 'రిజల్ట్ న్యూ 2', 'ఫైనల్'. ఏది ఏ వెర్షన్ కోడ్‌తో వచ్చిందో తెలీదు. ఆ కాలమ్‌లో ఉండేది వర్టెక్స్‌ల (చుక్కల) లెక్కో, ఎడ్జ్‌ల (గీతల) లెక్కో తెలీదు. ఏ ఫైల్లో ఏముందో చెప్పే రీడ్‌మీ రాయాల్సింది మీరే, రాయలేదు. నాకు గుండె గుభేలుమనింది.

ఎందుకంటే నాకు ఇది జరిగింది. పీహెచ్‌డీ అప్పుడు బాలాజీ కాలనీలో రూము. ర్యాండమ్ గ్రాఫ్‌ల మీద రాత్రంతా ప్రోగ్రామ్ నడిపిస్తా ఉంటి. టేబుల్ దాచుకున్నా గానీ, ర్యాండమ్ సీడ్ (మళ్లీ అవే ర్యాండమ్ అంకెలు రావాలంటే ప్రోగ్రామ్‌కి ఇచ్చే మొదటి నంబరు) ఎంతో రాసుకోలేదు. రెండేళ్లకి, పేపర్‌ని పరిశీలించే రెఫరీ ఒక అంకె గురించి అడిగినాడు. మళ్లీ రన్ చేస్తే ఆ అంకె రాలేదు. టేబుల్ మొత్తం పేపర్లోంచి తీసేస్తి. మూడు నెలల పని సామీ అది.

గణితానికి డేటా ఏంది, పెన్నూ పేపరూ చాలదా అంటారు మీలో కొందరు. పక్కపక్క ప్రాంతాలకి ఒకే రంగు పడకుండా ఏ మ్యాప్‌కైనా నాలుగు రంగులు చాలు అనే నాలుగు రంగుల సిద్ధాంతాన్ని 1976లో యాపెల్, హాకెన్ నిరూపించింది కంప్యూటర్‌ని వెయ్యి గంటలకు పైగా నడిపించి. పెన్నూ పేపర్ మాటే తీసుకోండి. అదే 1976లో కేంబ్రిడ్జి ట్రినిటీ కాలేజీ లైబ్రరీలో రామానుజన్ చివరి రోజుల కాగితాలు జార్జ్ ఆండ్రూస్ అనే గణిత శాస్త్రజ్ఞుడి కంట పడినాయి. ఫార్ములాలు వందల్లో ఉండాయి, నిరూపణలు లేవు. వాటిని ఒక్కొక్కటే తేల్చడానికి దశాబ్దాలు పట్టింది. జర్మనీలో ఇప్పుడు గణితం డేటా కోసమనే మార్డి (MaRDI) అని సంస్థలు కలిసి పెట్టుకున్న ఒక కన్సార్షియమే ఉండాది, 2021లో మొదలైంది.

ఇంతకుముందు నేను రివ్యూ చేసిన గేమ్ గుర్తుందా? ఉత్త క్విజ్ అది. రీసెర్చ్ డేటా ఎట్లా ఉండాలో చెప్పే, 2016లో వచ్చిన ఫెయిర్ (FAIR) సూత్రాల్లో నాలుగు అక్షరాలకీ అర్థమేంది, ఆప్షన్ నొక్కు. డేటా వెతికితే దొరకాలి, తెరుచుకోవాలి, వేరే సాఫ్ట్‌వేర్‌తో కలవాలి, మళ్లీ వాడుకునేట్టు ఉండాలి. నొక్కినా, మర్నాటికి మర్చిపోయినా. ఈ నాలుగో లెవల్ మాత్రం వారమైనా వదల్లేదు.

ఇంక మూడో లెవల్. దీని మీద నాకు ఒళ్లు మండుతా ఉండాది. మెటాడేటా, అంటే డేటా గురించిన వివరాల ఫారం నింపడానికి అరవై సెకన్ల టైమర్! డిగ్రీ మ్యాథ్స్ చదివే మా చెల్లెలు టైమ్ చాలక, ప్రతి గడిలోనూ 'డేటా' 'డేటా' అని కొట్టింది. ఫుల్ మార్కులు ఇచ్చినారు! గడి నిండిందా లేదా అని చూస్తారే గానీ, ఏం రాసినామో చూడరు. నేను సీడ్ రాసుకోకపోయింది ఈ తొందరలోనే కదా. నిదానంగా రాయండి అని నేర్పాల్సిన చోట తరుముతారా? తయారుచేసినోళ్లు ఈ వీడియో చూస్తా ఉంటే, దయచేసి ఆ టైమర్ తీసేయండి.

బొమ్మలు బాగుండాయి. మ్యూజిక్ నేను ఆపేస్తి.

కొనాలా అంటే, రీసెర్చ్‌లోకి పోదామనుకునే మ్యాథ్స్ పిల్లోళ్లు కచ్చితంగా కొనండి. టైమర్‌ని ఓర్చుకోండి, నాలుగో లెవల్ దాకా పోండి. రెండో లెవల్లో ఏం చేస్తా ఉండారో మాత్రం ముందే ఎవురికీ చెప్పొద్దండి, తెలిస్తే ఆ దెబ్బ తగలదు.

నేనైతే మొన్న ఆదివారం ఆ పాత హార్డ్ డిస్క్ బయటికి తీసినా. ఒక్కో ఫోల్డర్‌కి రీడ్‌మీ రాస్తా ఉండా. మూడు అయినాయి. నాలుగోదాంట్లో ఉండే టేబుల్ దేనిదో ఇంకా గుర్తు రావడంలేదు.