మెర్క్యూషియో కామెడీ ట్రాక్ కాదండీ బాబూ!

[తెల్లటి తెర, వెనకాల దీపం. తోలుబొమ్మ నీడ ఒకటి ఊగుతూ లోపలికి వస్తుంది.]

మొన్న ఒక పెళ్ళిలో భోజనాల దగ్గర నా పక్కన కూర్చున్నాయన, ఇంగ్లిష్ లిటరేచర్ చదువుకున్నాయనే, మాటల్లో షేక్‌స్పియర్ నాటకం రోమియో జూలియట్ ప్రస్తావన వస్తే, "మెర్క్యూషియోనా, హీరో ఫ్రెండ్ కదండీ, కామెడీ ట్రాక్, ఇంటర్వెల్ ముందు చచ్చిపోతాడు, హీరోకి కోపం వస్తుంది" అని తేల్చేసి పెరుగన్నం కలుపుకున్నాడు. నాకు ఆ తర్వాత ముద్ద దిగలేదు. ఆయన్ని ఒక్కణ్ణీ అని లాభం లేదు, ఎవర్ని కదిపినా ఇదే మాట, అందుకే ఈ వీడియో.

కథ మళ్ళీ చెప్పను. రెండు కుటుంబాల పగ, బాల్కనీ, విషం, బాకు, అన్నీ మీకు తెలుసు. నేను మాట్లాడబోయేది మూడో అంకం మొదటి రంగంలో చచ్చిపోయే ఒక్క మనిషి గురించి. కానీ ముందు కేతిగాడి గురించి చెప్పాలి.

తోలుబొమ్మలాట చూసినవాళ్ళకి కేతిగాడు, బంగారక్క గుర్తుంటారు. రామాయణం జోరుగా నడుస్తూ ఉంటుంది, అర్ధరాత్రి దాటింది, చాప మీద పిల్లలు జోగుతుంటారు, అప్పుడు కేతిగాడు తెర మీదికి దూకుతాడు. బంగారక్కతో నాలుగు మాటలు, అందులో మూడు ఇక్కడ చెప్పలేనివి, అందరూ లేచి కూర్చుంటారు. తర్వాత వాడు వెళ్ళిపోతాడు, రాముడు వస్తాడు. కేతిగాడికి రాముడి పక్షం లేదు, రావణుడి పక్షం లేదు. రేపు భారతం ఆడితే అందులోకీ వాడే వస్తాడు. యుద్ధంలో ఎవరెవరో చస్తారు, కేతిగాడు మాత్రం చావడు, ఎందుకంటే వాడు కథకి బయట ఉన్న మనిషి, బాణం వాడిదాకా రాదు.

ఇప్పుడు ఆ బాణం కేతిగాడికి తగిలిందనుకోండి. తెర వెనకాల ఆడించేవాళ్ళు కూడా ఒక్క క్షణం ఆగిపోతారు కదా? మెర్క్యూషియో అంటే అది. కథకి బయట నిలబడి నవ్విస్తున్నవాడు, కథ లోపలి కత్తికి చచ్చిపోవడం.

బయట ఉన్నవాడు అని ఎందుకంటున్నానంటే, ఇక్కడే మొదటి పొరపాటు జరుగుతుంది. చాలామంది ఇతన్ని రోమియో చుట్టం అనుకుంటారు. కాదు. రోమియో మాంటెగ్యూ, వాడి చుట్టం బెన్వోలియో మాంటెగ్యూ, టిబాల్ట్ జూలియట్ వాళ్ళ కాపులెట్ల వైపు. మెర్క్యూషియో వెరోనా ప్రభువు ఎస్కలస్‌కి బంధువు. మొదటి అంకంలో కాపులెట్ విందుకి పిలవాల్సినవాళ్ళ జాబితా ఒకటి వస్తుంది, చదవడం రాని నౌకరు దాన్ని తీసుకెళ్ళి రోమియో చేతిలోనే పెట్టి చదివించుకుంటాడు, అందులో మెర్క్యూషియో పేరు, అతని సోదరుడు వాలెంటైన్ పేరు శుభ్రంగా ఉన్నాయి. అంటే అతనికి శత్రువు ఇంటి నుంచి దర్జాగా పిలుపు ఉంది! అయినా పిలుపు లేని స్నేహితులతో కలిసి, ముసుగులేసుకుని వెళ్ళే గుంపులోనే ఉంటాడు. రెండు ఇళ్ళల్లోనూ కాలు పెట్టగలిగిన కేతిగాడు.

ఇక రెండో పొరపాటు, నాకు ఎక్కువ మండేది ఇదే: హాస్యం వేరు, కోపం వేరు అనుకోవడం. "సరదా మనిషే పాపం, ఆ రోజు కోపం వచ్చింది" అంటారు. మూడో అంకం మొదలయ్యే చోటు తీసి చూడండి. ఎండ మండిపోతోంది. బెన్వోలియో బతిమాలుతున్నాడు, ఇంటికి పోదాం పదరా, కాపులెట్లు బయట తిరుగుతున్నారు, ఎదురుపడితే గొడవ తప్పదు, ఈ వేడికి రక్తం ఉడుకుతుంది అని. దానికి మెర్క్యూషియో ఏం చేస్తాడంటే, ఊళ్ళో నీ అంత తగాదాకోరు లేడురా అని బెన్వోలియో మీదే ఒక చిట్టా విప్పుతాడు. ఎవడో కూర్చుని హేజల్ కాయలు పగలగొట్టుకుంటుంటే నీ కళ్ళు ఆ రంగులో ఉన్నాయన్న ఒక్క కారణంతో వాడి మీదికి వెళ్తావు, ఎవడో వీధిలో దగ్గితే ఎండలో పడుకున్న నీ కుక్క లేచిందని తగువు పెట్టుకున్నావు, ఈస్టర్ రాకముందే కొత్త చొక్కా తొడిగాడని దర్జీతో ఒకసారి, కొత్త బూట్లకి పాత రిబ్బన్ కట్టాడని ఇంకొకడితో ఇంకోసారి.

నవ్వొస్తుంది కదా. ఇప్పుడు మళ్ళీ చదవండి. ఇందులో ఒక్క ముక్క కూడా బెన్వోలియోకి అతకదు, వాడు నాటకమంతా గొడవలు ఆపేవాడే. ఈ వర్ణనంతా మెర్క్యూషియోదే, అద్దంలో చూసుకుంటూ ఎదుటివాడి పేరు పెట్టాడు. రెండు నిమిషాలు కూడా గడవకుండా టిబాల్ట్ వచ్చి "నువ్వు రోమియోతో జతకట్టి తిరుగుతావు" లాంటి మాట అంటాడు. ఇంగ్లిష్‌లో అతను వాడిన మాటకి పాటగాళ్ళ మేళం అనే అర్థం కూడా ఉంది. అంతే, మమ్మల్ని మేళగాళ్ళని చేశావా, ఇదిగో నా ఫిడేలు కమాను అని మెర్క్యూషియో కత్తి చూపిస్తాడు. చూశారా, కత్తి వచ్చింది శ్లేష వెంట. అతనికి నాలుకా కత్తీ ఒకే ఒరలో ఉంటాయి, ఒకటి లాగితే రెండోది కూడా వస్తుంది. ఆ పేరులోనే మెర్క్యురీ ఉంది, మన పాదరసం. మనం చురుకైనవాణ్ణి పాదరసం అని మెచ్చుకుంటాం, పట్టుకోబోతే చేతికి దొరకదన్న సంగతి వదిలేసి.

[ప్రెజెంటర్ కుర్చీ ముందుకు జరుపుకుంటాడు.]

సరే, అసలు విషయానికొద్దాం. ఈ వీడియో చేసింది ఈ ఐదు నిమిషాల కోసం.

మెర్క్యూషియోకి జూలియట్ ఎవరో తెలియదు.

నాటకం తిరగేసి చూడండి. విందు అయిపోయాక రోమియో గోడ దూకి తోటలోకి వెళ్తే, బయట మెర్క్యూషియో వాణ్ణి పిలుస్తూ, భూతాన్ని రప్పించే మంత్రగాడిలా, రోమియో అంతకుముందు ప్రేమించిన రోజలిన్ కళ్ళ మీద ఒట్టు, రోజలిన్ నుదుటి మీద ఒట్టు అని బూతులు కలిపి మంత్రాలు చదువుతాడు. అప్పటికే రోమియోకి రోజలిన్ పేరు కూడా గుర్తులేదు! మర్నాడు పొద్దున్న రోమియో హుషారుగా కనిపిస్తాడు, ఇద్దరూ శ్లేషల మీద శ్లేషలు, పోటీ పెట్టుకుని, చివరికి మెర్క్యూషియో పొంగిపోయి అంటాడు, ప్రేమా ప్రేమా అని ఏడవడం కంటే ఇది బాగా లేదూ, ఇప్పుడు నువ్వు మనిషివయ్యావు, ఇప్పుడు నువ్వు రోమియోవి అని. మిత్రుడు ప్రేమ జబ్బు నుంచి కోలుకున్నాడనుకుంటున్నాడు. ఆ హుషారుకి కారణం, ఇంకాసేపట్లో జరగబోయే పెళ్ళి. అదే రంగంలో రోమియో, జూలియట్ వాళ్ళ ఆయా చేతికి పెళ్ళి కబురు ఇచ్చి పంపుతాడు. అదీ మెర్క్యూషియో వెళ్ళిపోయేదాకా ఆగి.

ఇది ఒక సగం. రెండో సగాన్ని ఎవరూ పట్టించుకోరు. అదే రంగం మొదట్లో బెన్వోలియో చెబుతాడు, టిబాల్ట్ రోమియో వాళ్ళ నాన్న ఇంటికి ఒక ఉత్తరం పంపాడని. అది ద్వంద్వ యుద్ధానికి పిలుపేనని మెర్క్యూషియో చూడకుండానే పసిగడతాడు. ప్రేమ దెబ్బకి రోమియో ఇప్పటికే చచ్చాడు, వీడు టిబాల్ట్‌ని ఏం ఎదుర్కొంటాడు అని బెంగ కూడా పడతాడు. టిబాల్ట్‌కి పిల్లుల రాజు అని పేరు పెట్టి, వాడి ఫ్యాషన్ కత్తిసాముని, ఆ ఇటాలియన్ పట్ల పేర్లని వెక్కిరిస్తాడు. తర్వాత రోమియో వస్తాడు. రాత్రంతా ఇంటికి పోని రోమియోకి ఆ ఉత్తరం సంగతి తెలిసినట్టు నాటకంలో ఎక్కడా లేదు. మెర్క్యూషియో చెప్పాడా? మన కళ్ళ ముందైతే చెప్పలేదు. బూట్ల మీద, బాతుల మీద శ్లేషలు ఆడుతూ కూర్చున్నాడు.

అర్థమవుతోందా? ఇద్దరు ప్రాణస్నేహితులు. ఒకడి దగ్గర పెళ్ళి రహస్యం, ఇంకొకడి దగ్గర ఉత్తరం కబురు. ఎదురెదురుగా నిలబడి గుక్క తిప్పుకోకుండా మాట్లాడుకున్నారు, అవసరమైన ఆ రెండు ముక్కలు తప్ప అన్నీ మాట్లాడుకున్నారు. మనందరికీ ఇలాంటి ఒక దోస్తు ఉంటాడు కదా, వాడితో కూర్చుంటే రెండు గంటలు కడుపుబ్బ నవ్వి లేస్తాం, ఇంటికొచ్చాక గుర్తొస్తుంది, వాళ్ళ నాన్నకి ఒంట్లో ఎలా ఉందో అడగనేలేదని.

ఇప్పుడు వీధిలోకి రండి. రోమియోకి పెళ్ళయి గంటే అయింది. టిబాల్ట్ వాణ్ణి నానా మాటలూ అంటాడు. రోమియో దృష్టిలో ఎదురుగా నిలబడింది భార్యకి అన్నలాంటివాడు, అందుకే "నీ పేరు నాకు నా పేరంత ఇష్టం" అని బుజ్జగిస్తాడు. మెర్క్యూషియో వైపు నుంచి చూడండి దీన్ని. వాడికి పెళ్ళి తెలియదు, ఉత్తరం తెలుసు. వాడికి కనిపించేది నడివీధిలో, పిల్లుల రాజు కాళ్ళ బేరానికొచ్చిన మిత్రుడు. సిగ్గులేని లొంగుబాటు అని అరిచి కత్తి దూస్తాడు, నీ తొమ్మిది ప్రాణాల్లో ఒకటి చాలురా అని టిబాల్ట్‌ని పిలుస్తాడు. అది పొగరు, ఒప్పుకుంటాను. కానీ ఆ పొగరు నిండా రోమియో పరువే ఉంది. దీన్ని కామెడీ ట్రాక్ అంటే నేను ఒప్పుకోను, మీరు పెరుగన్నం కాదు పాయసం పెట్టినా సరే.

రోమియో మధ్యలో దూరతాడు, ఆపుదామని. వాడి చెయ్యి కింద నుంచి టిబాల్ట్ కత్తి మెర్క్యూషియోకి దిగుతుంది. ఏమైందిరా, తగిలిందా అంటే, గీరుకుందిలే, పిల్లి గోరు గీరుకుంది అంటాడు. పక్కనే ఉన్న కుర్రాణ్ణి వైద్యుడి కోసం పరిగెత్తిస్తాడు, మళ్ళీ జోకే. అది నుయ్యంత లోతూ లేదు, చర్చి గుమ్మమంత వెడల్పూ లేదు, కానీ సరిపోతుందిలే అంటాడు. రేపు నా కోసం అడగండి, నేను 'గ్రేవ్' మనిషినై ఉంటాను అంటాడు. గ్రేవ్ అంటే గంభీరం, గ్రేవ్ అంటే సమాధి. తెలుగులో పెట్టడానికి నేను వారం రోజులు కొట్టుకున్నాను, "రేపు వచ్చి చూడండి, మట్టిమనిషినై ఉంటాను" అన్నదాకా వచ్చాను, అంత బాగా కుదర్లేదు, మీకేదైనా తడితే చెప్పండి.

తర్వాత గొంతు మారుతుంది. మా మధ్యకి ఎందుకొచ్చావురా, నీ చెయ్యి కింద నుంచే తగిలింది నాకు అంటాడు. రోమియో జవాబు, "మంచికే అనుకున్నాను." ఇంత చిన్న వాక్యం.

అప్పుడు వస్తుంది ఆ శాపం, మీ రెండిళ్ళూ ప్లేగు తగిలి పాడుగాను! మూడుసార్లు అంటాడు, ఆఖర్న "మీ ఇళ్ళు..." అని తెగిపోతుంది. ఇది ఊరికే తిట్టు అనుకోకండి. నాటకం రాసింది సుమారు 1595లో, అంతకుముందు 1592 నుంచి 1594 దాకా ప్లేగు వల్ల లండన్ నాటకశాలలు చాలాకాలం మూతబడే ఉన్నాయి. చూడ్డానికొచ్చినవాళ్ళలో ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవాళ్ళు ఉండే ఉంటారు. పైగా ఈ శాపం ఫలిస్తుంది! ఐదో అంకంలో జూలియట్ చావలేదని చెప్పే ఉత్తరం రోమియోకి ఎందుకు అందలేదు? తీసుకెళ్ళాల్సిన ఫ్రయర్ జాన్ అనే సన్యాసిని, ప్లేగు సోకిన ఇంట్లో ఉన్నాడన్న అనుమానంతో తలుపులు మూసి లోపలే ఉంచేశారు కాబట్టి. కేతిగాడు పోతూ పోతూ తెరకి నిప్పంటించి పోయాడు.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను.

అప్పటిదాకా నాటకం దాదాపు కామెడీయే, ముసుగులు, ప్రేమలు, మూర్ఖపు ముసలాళ్ళు, తెలివైన ఆయా, పెళ్ళి. మెర్క్యూషియో పోయాక రోమియో టిబాల్ట్‌ని చంపుతాడు, ప్రభువు మరణశిక్ష బదులు బహిష్కారం వేస్తాడు, ఇక అక్కణ్ణుంచి అంతా దిగుడే. నాలుగో అంకంలో వాద్యగాళ్ళ హాస్యం ఒకటుంది కానీ జూలియట్ చచ్చిపోయిందని ఇల్లంతా ఏడ్చిన వెంటనే వింటాం కాబట్టి నవ్వు రాదు. చివర్లో ప్రభువు, నేనూ ఇద్దరు బంధువుల్ని పోగొట్టుకున్నాను అంటాడు, మెర్క్యూషియోని, జూలియట్‌ని పెళ్ళాడాలనుకున్న పారిస్‌ని. ఏ పక్షమూ కాని ఇల్లు ఇద్దర్ని పోగొట్టుకుంది.

షేక్‌స్పియర్ కథ తీసుకున్న ఆర్థర్ బ్రూక్ కావ్యంలో, 1562 నాటిది, మెర్క్యూషియో విందులో ఒక్కసారి కనిపిస్తాడు, జూలియట్ ఒక చెయ్యి రోమియో పట్టుకుంటే రెండో చెయ్యి ఇతను పట్టుకుంటాడు, చేతులు మంచుగడ్డలా ఉంటాయి, అంతే పాత్ర. ఆ చల్లటి చేతులవాణ్ణి తెచ్చి ఇంత నెత్తురు వేడి ఎక్కించాడు. 1672లో కవి డ్రైడెన్, వీణ్ణి మూడో అంకంలో చంపకపోతే వీడే నన్ను చంపేవాడు అని షేక్‌స్పియర్ అన్నాడట అని రాశాడు, షేక్‌స్పియర్ పోయి అప్పటికే యాభై ఏళ్ళు దాటింది, కాబట్టి ఎంత నమ్మాలో మీరే చూసుకోండి, డ్రైడెన్‌కే వాడంత ప్రమాదకారి అనిపించలేదట. 1935లో లండన్‌లో గీల్‌గుడ్, ఒలీవియే అనే నటులు రోమియో, మెర్క్యూషియో పాత్రల్ని మార్చుకుని మార్చుకుని వేశారు, కొన్నాళ్ళు ఒకరు రోమియో, కొన్నాళ్ళు ఇంకొకరు. పెళ్ళిలో నా పక్కన కూర్చున్నాయనకి ఇది చెప్పి ఉండాల్సింది.

అయ్యో, ఒకటి మర్చిపోయాను, అసలైనది. ఆ కుటుంబం మీద, ఈ కుటుంబం మీద శాపాలు పెడుతున్నవాడు, కాళ్ళు తేలిపోతుంటే బెన్వోలియో వైపు తిరిగి ఏమడుగుతాడో తెలుసా? "ఏదో ఒక ఇంట్లోకి తీసుకెళ్ళరా, లేకపోతే ఇక్కడే సొమ్మసిల్లిపోతాను." ఎవరి ఇల్లో నాటకంలో లేదు. బెన్వోలియో ఒక్కడే తిరిగొస్తాడు.

[దీపం ఆరిపోతుంది. తెర అలాగే ఉంటుంది.]