తూము ఎత్తే ముందు

(కావలిలో డిగ్రీ మైక్రోబయాలజీ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం)

వేదిక మీదున్న పెద్దలందరికీ నమస్కారం. పేరుపేరునా చెప్పుకుంటూ పోతే నాకిచ్చిన ఇరవై నిమిషాల్లో ఐదు దానికే చెల్లు, క్షమించాలి. శాలువా మాత్రం తీసుకున్నాను. ఈ ఉక్కలో కప్పుకోలేను గానీ.

రోగం, నీరు, కాలుష్యం అని మూడు ముక్కలుగా బ్యాక్టీరియా గురించి చెప్పమన్నారు. రాసుకొచ్చాను కూడా. మొదటి ముక్క కలరా. జర్మనీ డాక్టరు రాబర్ట్ కాక్ 1883లో ఈజిప్టు నుంచి కలకత్తా వచ్చాడు. 1884లో ఆ క్రిమిని జనం తాగే చెరువు నీళ్లలోనే పట్టుకున్నాడు. 1959లో అదే కలకత్తాలో మన శంభునాథ్ డే క్రిమిని వడకట్టి తీసేసి, మిగిలిన ద్రవాన్ని కుందేలు పేగులోకి ఎక్కించాడు. పేగు నీళ్లతో ఉబ్బిపోయింది. మనిషిని పడగొట్టేది క్రిమి వదిలే విషమని అట్లా తేలింది.

ఆ క్రిమి జాతి పేరు విబ్రియో. ఇక్కడ రొయ్యల గుంటలున్న అల్లూరు, విడవలూరు వైపు పిల్లలెవరు? చేతులెత్తండి. బానే ఉన్నారే! అయితే మీకు నేను చెప్పేదేముంది. గుంట నీళ్లు ల్యాబుకిస్తే, ప్లేటు మీద విబ్రియో చుక్కలు చుక్కలుగా పెరుగుతుంది, ఆ చుక్కలే కాలనీలు. ల్యాబు నుంచి ఫోను రాగానే మీ నాయన అడిగే మొదటి మాట “గ్రీన్ కాలనీలు ఎన్నుండాయి?” అనే కదా.

ఈ కాగితం పక్కన పెడతాను. మీ చేతులు చూశాక ఇంకో సంగతి చెప్పాలనిపిస్తోంది.

2001లో ఇస్కపల్లి వైపు ఉప్పుటేటి పక్కన నాకు రెండెకరాల గుంట ఉండేది. టైగర్ రొయ్య. డెబ్బయ్యో రోజు రాత్రి, రొయ్య మేత తింటోందో లేదో చూసే చెక్ ట్రే లేపితే, కారే నీళ్లు నీలంగా మెరిశాయి. ట్రేలో చచ్చిన రొయ్య ఒకటి. అరచేతిలో పెట్టుకుంటే మిణుగురులాగా వెలుగుతోంది. నిజం చెప్పొద్దూ, ముచ్చటేసింది. కాపలా ఉన్న అబ్బాయిని లేపి మరీ చూపించాను. మూడోనాటికి కట్ట వెంబడి ఎక్కడ చూసినా చచ్చిన రొయ్యలే. అది విబ్రియో హార్వేయి అని తర్వాత తెలిసింది.

దొరికిన కాడికి పట్టుబడి చేశాం. మిగిలిన నీళ్లకు బ్లీచింగ్ కొట్టి, నాలుగు రోజులు నిలబెట్టి వదలాలి. పంటే పోయింది, ఇంకా బ్లీచింగు దండగ కూడానా అనుకున్నాను. రాత్రి పదకొండింటికి తూము పలక ఎత్తాను. దిగువన మా పెదనాయన గుంట. ఆయన తెల్లవారుజామున మోటారు వేసి ఏటి నీళ్లు తోడుకుంటాడని నాకు తెలుసు. తెలిసే ఎత్తాను.

పది రోజులకి ఆయన గుంటా పోయింది. నా దగ్గరికే వచ్చాడు. “అబ్బయ్యా, నీకొచ్చిందే నాకూ వచ్చింది. గాలిలో ఉందంటావా?” అన్నాడు. “అంతే అయ్యుంటది పెదనాయనా” అన్నాను.

ఎన్నో మీటింగుల్లో మాట్లాడాను గానీ ఈ సంగతి ఎక్కడా చెప్పలేదు. ఆయన పోయినేడు కాలం చేశాడు.

సరే. మరుసటి పంటకు నాకు భయం పట్టుకుంది. వెయ్యాల్సిన చోట వెయ్యని వాణ్ణి, అక్కర్లేని చోటల్లా వేశాను. పైరు గుంటలో ఉండగానే దుకాణంవాడు ఏ డబ్బా ఇస్తే ఆ డబ్బా కుమ్మరించాను. విబ్రియో చచ్చింది, కాదనను. దాంతోపాటు నైట్రోసోమోనాసూ చచ్చింది. మేత మురిగితే, రొయ్య విసర్జిస్తే పుట్టే అమ్మోనియాని నైట్రైట్‌గా మార్చేది అదే. ఆ నైట్రైట్‌ని నైట్రేట్ చేసేవి ఇంకొన్ని. కూలి అడగని పాకీవాళ్లు. విబ్రియో అరగంట తిరక్కముందే రెండింతలవుతుంది, నైట్రోసోమోనాస్‌కి చాలా గంటలు, ఒక్కోసారి రోజు కూడా పడుతుంది. అందరినీ చంపితే ఖాళీ అయిన గుంటలోకి ముందు తిరిగొచ్చేదెవరు? చెప్పండి! ఆ వెనక వరసలో గట్టిగా చెప్పండి!

ఆ తర్వాత మళ్లీ అదే దుకాణానికి పోయి ప్రోబయోటిక్ అని డబ్బాలో బ్యాక్టీరియానే కొన్నాను. చంపడానికో బిల్లు, బతికించడానికో బిల్లు.

టైము అయిందని సైగ చేస్తున్నారు. ఆగండి సార్, ఒక్క నిమిషం. వనామీ రకం రొయ్యలో ఈఎంఎస్, అంటే తొందరగా చంపేసే రోగం ఒకటి ఉంది, సీడు (రొయ్య పిల్లలు) వేసిన నెలలోపే తుడిచిపెట్టేస్తుంది. 2013లో అరిజోనాలో డొనాల్డ్ లైట్నర్ బృందం దాని మూలం పట్టుకుంది. అదీ విబ్రియోనే, విబ్రియో పారాహిమోలిటికస్. మామూలుగా అది రొయ్యనేమీ చెయ్యదు. విషపు జన్యువులున్న చిన్న డీఎన్‌ఏ చుట్ట ఒకటి దొరికితేనే హంతకి అవుతుంది. ఆ చుట్ట ఒకదాన్నుంచి ఇంకోదానికి పోగలదు కూడా.

మూడో ముక్క కాలుష్యం. ఆనంద్ చక్రవర్తి చమురు తినే బ్యాక్టీరియాని తయారుచేస్తే, 1980లో అమెరికా సుప్రీంకోర్టు దానికి పేటెంటు ఇవ్వచ్చంది. ఆ క్రిమిని సముద్రంలోకి మాత్రం ఎవరూ వదల్లేదు. 2017 జనవరిలో మన పులికాట్‌కి దక్షిణాన ఎన్నూరు దగ్గర ఓడలు గుద్దుకుని చమురు ఒలికితే, మనుషులు బకెట్లతో తోడారు.

నీళ్ల ముక్క ఒకటి మిగిలింది. బంగ్లాదేశ్‌లో పాత చీరని నాలుగు మడతలు వేసి నీళ్లు వడగడితే కలరా సుమారు సగం తగ్గింది. విబ్రియో పట్టుకుని వేలాడే నలకంత పురుగులు ఆ బట్టలో ఆగిపోతాయట. 2003లో అచ్చయింది. మా జేజి బిందె మూతికి కట్టింది అదే గుడ్డ.

ఇంక ముగిస్తాను. ఆదివారం నా గదికి రండి. విబ్రియోని పెంచి చూసే టీసీబీఎస్ ప్లేట్లు పోసి ఉంచుతాను. ఎవరి గుంట నీళ్లు వాళ్లు శుభ్రమైన సీసాలో తెచ్చుకోండి. ఉప్పుటేటి నీళ్లు కూడా ఒక సీసా తేవాలి. తెల్లారాక కాలనీలు లెక్కపెట్టుకుందాం. లెక్కపెట్టాక ఆ ప్లేట్లని సింకులో కడగకండి. కుక్కరుంది, ఇరవై నిమిషాలు ఆవిరి మీద ఉంచాకే బయటికి.