అరిగిన ముక్క డ్రాయింగు కాదు

(విజయనగరంలో పాత మోటారు సైకిళ్ళ అభిమానులు, పాలిటెక్నిక్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ముందు వరసలో కూర్చున్న లేత్ మేస్త్రీలకి ఇంకో నమస్కారం. పాత బండికి కావలసిన పార్టులు మన ఊరి లేత్ మీద, అంటే లోహాన్ని తిప్పుతూ చెక్కే మిషను మీద, ఎలా చేయించుకోవాలో ఇవాళ చెప్తాను. అందులో సగం వాళ్ళ దగ్గర విన్నదే. ఎక్కడైనా తేడాగా చెప్తే అక్కడే ఆపెయ్యండి.

బండి బి.ఎస్.ఎ. ఎం20. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యం కోసం ఇంగ్లండులో లక్షకి పైగా తయారైన మోడలు. ఒకటే సిలిండరు, సైడ్ వాల్వు (వాల్వులు సిలిండరు పక్కన ఉంటాయి), బోరు, అంటే సిలిండరు లోపలి వ్యాసం, 82 మి.మీ., స్ట్రోకు, అంటే పిస్టన్ ఆడే దూరం, 94, మొత్తం 496 సీసీ. ఇంత పెద్ద ఇంజను ఇచ్చేది 13 హార్స్ పవరు! ఇప్పటి కుర్రాళ్ళు నవ్వుతారు, నవ్వనీండి. కంప్రెషన్ తక్కువ, తిరిగేది నిదానంగా. చిన్న షాపులో చేసిన పార్టుల్ని భరించే ఓపిక అలాంటి ఇంజనుకే ఉంటుంది. పది వేల ఆర్‌పీఎం తిరిగే ఇంజను మీద మాత్రం ఈ ప్రయోగాలు చెయ్యకండి.

నా చేతికొచ్చింది బండి అనడానికి లేదు. క్రాంక్‌కేసు (ఇంజను కింది పెట్టె), బ్యారెలు (పిస్టన్ ఆడే సిలిండరు), గేరు బాక్సు, ముందు ఫోర్కు, ఒక బస్తాడు నట్లూ బోల్టులూ. మిగతాదంతా ఇంటి వెనక రేకుల షెడ్లో కట్టుకున్నదే. ఇంగ్లండు నుంచి పార్టులు తెప్పించుకోవచ్చు కదా అంటారు. డబ్బుంటే తెప్పించుకోండి, అందులో తప్పేం లేదు. కాకపోతే 80 ఏళ్ళలో ఈ బ్యారెలుకి ఎవరు ఎన్నిసార్లు బోరింగు చేయించారో (అరిగిన లోపలి గోడని తొలిపించి పెద్దది చేయించారో), ఏ గైడు (వాల్వు కాడ ఆడే గొట్టం) కొట్టి ఏది దించారో ఎవరికీ తెలీదు. కొత్త పార్టు కొన్నా దాన్ని మన ఇంజనుకి సరిపెట్టడానికి మళ్ళీ లేత్ దగ్గరికే వెళ్ళాలి.

మన ఊళ్ళో లేత్ షాపులు బతికేది రైసు మిల్లు షాఫ్టుల మీద, బోరు మోటార్ల మీద, ట్రాక్టర్ల మీద. అక్కడికి పాత బుష్ (పిన్ను తిరిగే లోహపు గొట్టం) ఒకటి పట్టుకెళ్ళి "ఇలాంటిదే ఒకటి చేసి పెట్టండి" అనడం మనందరి అలవాటు. ఓ పెద్ద మేస్త్రి అలా వచ్చినాయనతో అన్న మాట నాకు బాగా పట్టేసింది: "ఏటి బాబూ, అరిగిపోయిందాన్ని తెచ్చి దీనిలాగే సెయ్యమంతావు, అరుగుదల కూడా సెయ్యాలా?"

నేను చెప్పదలుచుకున్నది ఇదే. చేతిలో ఉన్న ముక్క డ్రాయింగు కాదు. అది ఒకప్పుడు ఎంత ఉండేదో, ఏ పని చేసేదో, దేనితో రాసుకునేదో వెనక్కి లెక్కగట్టి తెలుసుకోవాలి. అరగని చోటు వెతికి కొలవాలి. బ్యారెలులో పైకొసన, పిస్టన్ రింగులు చేరని చోట, వేలికి తగిలే సన్నటి మెట్టు ఒకటి మిగులుతుంది. ఇంతకుముందు బోరింగు చేసినప్పటి కొలత అక్కడ దొరుకుతుంది. దానికి కొంచెం కింద, పై రింగు ఆగి వెనక్కి మళ్ళే చోట, అరుగుదల అన్నిటికంటే ఎక్కువ. బుష్ అరిగినా బుష్ కూర్చునే గూడు సాధారణంగా అరగదు, కాబట్టి బయటి వ్యాసం గూడు చెప్తుంది. లోపలి వ్యాసం దాంట్లో తిరిగే పిన్ను చెప్తుంది. పాత బుష్ చెప్పేది పొడవు ఒక్కటే.

ఎగ్జాస్ట్ వాల్వు గైడు సంగతి కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే ఈ ఇంజనులో అసలు పరీక్ష అక్కడే. సైడ్ వాల్వులో గైడు హెడ్‌లో, అంటే సిలిండరు పైమూతలో, ఉండదు, బ్యారెలులోనే దిగి ఉంటుంది, పక్కనే నిప్పులాంటి గ్యాసు పోయే దారి. ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంటే వాల్వు సెకనుకి 25 సార్లు ఆ గొట్టంలో పైకీ కిందకీ ఆడుతుంది. నేను వాడింది బీడు (కాస్ట్ ఐరన్) కడ్డీ. బీడు తిప్పుతున్నప్పుడు స్టీలులాగా చిప్సు చుట్టలు చుట్టుకుని రావు, నల్లటి పొడి రాలుతుంది, వేళ్ళకి పెన్సిలు రంగు అంటుకుంటుంది. అదే గ్రాఫైటు. నూనె సరిగా అందని చోట వాల్వు కాడని కొంత కాపాడేది అదే.

ఇందులో వరస ముఖ్యం. ముందు రంధ్రం, ఆ తర్వాతే బయటి వ్యాసం. పొడవాటి సన్నని రంధ్రం వేస్తుంటే డ్రిల్లు బిట్టు ఎంతో కొంత పక్కకి పోతుంది, దాన్ని ఎవరూ ఆపలేరు. అందుకని రంధ్రం వేసి, రీమరు (రంధ్రాన్ని సరైన కొలతకి నున్నగా చేసే పనిముట్టు) తిప్పి, గైడుని మాండ్రెలు (రంధ్రంలో పట్టే కడ్డీ) మీద ఎక్కించి, లేత్ రెండు సెంటర్ల మధ్య పెట్టి బయట తిప్పాలి. అప్పుడు లోపలా బయటా ఒకే నడుమ మీద ఉంటాయి. బయటి వ్యాసం గూడు కంటే 0.03 మి.మీ. పెద్దగా ఉంచాం. మెట్టున్న డ్రిఫ్టు (గైడుని నెట్టే కడ్డీ) పెట్టి ప్రెస్సులో దించాం. దించగానే లోపలి రంధ్రం కొంచెం బిగుసుకుంటుంది, మళ్ళీ రీమరు తిప్పాలి. కాడకీ గైడుకీ మధ్య ఇన్‌లెట్ వైపు 0.05, ఎగ్జాస్ట్ వైపు 0.08 వదిలాం. "అంత లూజా?" అని అడిగిన కుర్రాడు ఇక్కడే ఉన్నాడు. చల్లగా ఉన్నప్పుడు లూజే నాయినా. శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాటు ఎక్కుతుంటే కాడ వేడికి ఉబ్బుతుంది. అప్పుడు వాల్వు తెరుచుకున్నది తెరుచుకున్నట్టే పట్టేస్తే బండి దిగి తొయ్యడమే, అది ఎక్కువ బరువున్న బండి కూడాను. గైడు మారిస్తే సీటు, అంటే వాల్వు మూసుకున్నప్పుడు ఆనే అంచు, కూడా మళ్ళీ కట్ చెయ్యాలి. సీటు కట్టరుకి దారి చూపే కడ్డీ, పైలట్, కూర్చునేది ఆ గైడులోనే కాబట్టి సీటు కొత్త గైడు నడుమకే వస్తుంది.

వాల్వు వేరే వాహనానిది తెచ్చి సైజుకి తిప్పించుకోవచ్చు. కొనేముందు జేబులో ఒక అయస్కాంతం వేసుకెళ్ళండి. మంచి ఎగ్జాస్ట్ వాల్వు తలకి అయస్కాంతం సాధారణంగా అంటదు, ఆ స్టీలు అలాంటిది. కాడ అంటుకుని తల అంటకపోతే రెండు రకాల స్టీలు అతికించిన వాల్వని అర్థం, అదీ పనికొస్తుంది. కాకపోతే కాడ కింది కొస గట్టిపరిచి ఉంటుంది. పొడవు తగ్గించడానికి ఆ కొస కోసేస్తే మెత్తటి ఇనుమే మిగులుతుంది, వాల్వుని కింద నుంచి నెట్టే టాపెట్ దాన్ని తినేస్తుంది.

పిస్టన్‌ని క్రాంకుకి కలిపే కనెక్టింగ్ రాడ్ పైకొస బుష్ దగ్గర నాకొక మంచి సలహా వచ్చింది. "పక్క జిల్లాలో బుడితి ఉంది, కంచు పని వాళ్ళది పెట్టింది పేరు, అక్కడ పోత పోయించవోయ్" అని. బుడితి పనికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది, ఆ చెంబులు మా ఇంట్లోనూ ఉన్నాయి. కానీ గుడి గంటలకి వాడే కంచులో తగరం ఐదో వంతు దాకా ఉంటుంది. అందుకే అది మోగుతుంది, అందుకే దెబ్బ పడితే పగులుతుంది. బుష్‌కి కావలసింది ఫాస్ఫర్ బ్రాంజ్. అందులో తగరం పది శాతం, కొద్దిగా భాస్వరం, మిగతాది రాగి. గట్టిదనం ఉంటుంది గానీ పిన్ను కంటే మెత్తగా ఉంటుంది. అలాగే ఉండాలి మరి. రెండిట్లో ఏదో ఒకటి అరగక తప్పదు, మనం మళ్ళీ చేసుకోగలిగింది అరగాలి. ఇత్తడి మాత్రం వద్దు. చూడ్డానికి అదీ పసుపే కదా అని కొందరు వేసేస్తున్నారు.

ఇప్పుడు మర్లు, అంటే బోల్టుల మీదా రంధ్రాల్లోనూ ఉండే పళ్ళు. ఈ ఒక్క విషయం ఇంటికి తీసుకెళ్ళినా చాలు. పాత బ్రిటిష్ బండ్లలో ఎన్నో మర్ల పళ్ళ కోణం 55 డిగ్రీలు, మనం రోజూ వాడే మెట్రిక్‌వి 60. పావు అంగుళం బి.ఎస్.ఎఫ్. (పాత బ్రిటిష్ సన్న మర) మరకి అంగుళానికి 26 చుట్లు. ఆరు నంబరు మెట్రిక్ బోల్టుకి ఒక చుట్టు ఒక మిల్లీ, అంటే అంగుళానికి 25 పైచిలుకు. దాదాపు ఒకటే కదా! అందుకే మెట్రిక్ బోల్టు ఆ రంధ్రంలోకి హాయిగా దిగుతుంది, బిగుసుకున్నట్టే ఉంటుంది. దాని వ్యాసం 6 మి.మీ., ఉండాల్సింది 6.35. పళ్ళు కొసల్లోనే పట్టుకుంటాయి. ఇంజను వేడెక్కి ఇంకో పావు చుట్టు తిప్పగానే అల్యూమినియం మరంతా పొడై చేతిలోకి వస్తుంది. మన పాత లేత్‌లు చాలావాటిలో మర కోసేటప్పుడు టూలుని నడిపించే లీడ్ స్క్రూ అంగుళానికి నాలుగు చుట్లది. దాని మీద 26 చుట్ల మర కొయ్యడం తేలిక, టూలు 55 డిగ్రీలకి సాన పట్టుకుంటే చాలు. కొత్త మెట్రిక్ లేత్ మీదైతే అంగుళాల లెక్క కలవడానికి 127 పళ్ళ గేరు కావాలి. పాత లేత్‌ని తుక్కు కింద అమ్మేద్దామనుకునే వాళ్ళు ఒక్కసారి ఆలోచించండి.

పోత పని గురించి క్లుప్తంగా. పగిలిన టైమింగ్ కవరునే (ఇంజను పక్కనుండే గేర్ల మూతనే) అచ్చుగా ఇసకలో పెట్టి కొత్తది పోస్తే ఏమవుతుంది? అల్యూమినియం చల్లారేటప్పుడు సుమారు 1.3 శాతం కుంచించుకుపోతుంది. 150 మి.మీ. కవరు రెండు మిల్లీలు పొట్టిదవుతుంది, బోల్టు రంధ్రాలు ఒక్కటీ కలవవు. చెక్కతో అచ్చు ఆ మేర పెద్దగా చేయించుకోవాలి, మిషనింగుకి ఇంకొంచెం వదలాలి. కరిగించడానికి పాత పిస్టన్లు తెచ్చుకోండి, వాటిలో సిలికాన్ ఉంటుంది, పోత చక్కగా పారుతుంది. సొట్టలు పడ్డ అల్యూమినియం గిన్నెలు వద్దు. అచ్చులో చెమ్మ ఉంటే మాత్రం దగ్గర నిలబడొద్దు, ఆవిరై కరిగిన లోహాన్ని మొహం మీదకి విసురుతుంది. వానాకాలం మన వైపు గాలిలోనే చెమ్మ, ఆ నాలుగు నెలలూ పోత పని మానేస్తే మంచిది.

నేను చెయ్యనివీ ఉన్నాయి. పిస్టన్ రింగులు, కనెక్టింగ్ రాడ్, క్రాంక్ పిన్ను కొనుక్కోవాల్సిందే. పిస్టన్ బయటికి గుండ్రంగా కనిపిస్తుంది గానీ గుండ్రం కాదు. పిన్ను వైపు సన్నం, తల దగ్గర ఇంకా సన్నం, వేడెక్కాకే గుండ్రమవుతుంది. 82 మి.మీ. అల్యూమినియం 150 డిగ్రీలు వేడెక్కితే పావు మిల్లీ కంటే ఎక్కువే పెరుగుతుంది, అంతే వేడికి బీడు బ్యారెలు అందులో సుమారు సగమే పెరుగుతుంది. ఆ ఆకారం చేతి లేత్ మీద రాదు.

ఇంకొక సంగతి. 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్ నిబంధనల్లో 50 ఏళ్ళు దాటి, అసలు రూపంలో ఉన్న బండికే ఆ గుర్తింపు. నంబరులో వి.ఎ. అని వస్తుంది. ఇంజనులోనో ఛాసిస్‌లోనో పెద్ద మార్పులు చేస్తే రాదు. కాబట్టి ఉన్నదాన్ని ఉన్నట్టు నిలబెట్టండి, మెరుగులు దిద్దకండి. చేసిన ప్రతి ముక్కకీ ఫొటో, బిల్లు దాచుకోండి. క్రాంక్‌కేసు నంబరు మీద గ్రైండరు పెట్టనివ్వకండి, శాండ్ బ్లాస్టింగుకి ఇచ్చేముందు దాని మీద టేపు వెయ్యండి.

అరిగిన గైడు, కొత్త గైడు రెండూ ఆ బల్ల మీద పెట్టాను. వచ్చి మీరే కొలుచుకోండి. మైక్రోమీటరుని రాచెట్ (కొసనున్న చిన్న పిడి) పట్టుకుని తిప్పండి, గట్టిగా బిగించొద్దు. అది నాది కాదు, మేస్త్రిది.