సియెనా నుంచి ఓర్వియెతో దాకా, తీరిగ్గా

అందరికీ నమస్కారం.

ఇటలీ వెళ్లొచ్చిన మనవాళ్లని ఏం చూశారని అడిగితే రోమ్, ఫ్లోరెన్స్, వెనిస్, పీసా గోపురం అంటారు. అవి చూడాల్సినవే, కాదనను. ఫ్లోరెన్స్‌లో రైలెక్కితే గంటన్నరలో రోమ్‌లో దిగుతాం. ఈ సాయంత్రం నేను మాట్లాడబోయేది ఆ గంటన్నరలో మన కంటబడకుండా పోయే నేల గురించి. టస్కనీలో సియెనా, దానికి దక్షిణాన వాల్ దోర్చా లోయ, ఆ తర్వాత ఉంబ్రియాలో ఓర్వియెతో. తిన్నగా పోతే కారులో ఒక్క పూట దారి. దానికి వారం రోజులు పెట్టుకోండని నా సలహా. ఎందుకంటే అక్కడ ఊరూ పొలమూ ఒకదాన్నొకటి తయారుచేసుకున్నాయి. ఊళ్లో గుడి, మ్యూజియం చూసేసి, మధ్యలో పొలాల్ని వదిలేస్తే చూసింది సగమే.

ఈ మాటకు సాక్ష్యం సియెనాలోనే ఉంది. కాంపో అనే పెద్ద చౌకు దగ్గర పలాత్సో పుబ్లికో, అంటే ఆనాటి పురపాలక భవనం. అందులో తొమ్మిదిమంది పాలకులు కొలువుదీరిన గది ఒకటుంది. 1338, 1339 సంవత్సరాల్లో అంబ్రోజో లోరెంజెత్తి అనే చిత్రకారుడు ఆ గది గోడల మీద మంచి పాలన, చెడ్డ పాలన ఎలా ఉంటాయో బొమ్మలు గీశాడు. మంచి పాలన ఫలితాల గోడ ముందు తీరిగ్గా నిలబడండి. ఎడమవైపు పట్నం: కప్పు మీద తాపీ పనివాళ్లు, చెప్పుల దుకాణం, పిల్లలకు పాఠం చెబుతున్న గురువు. మధ్యలో కోట గోడ, దర్వాజా. ఆ దర్వాజా దాటగానే కుడివైపంతా పల్లె. వేటకు పోతున్న దొరలు, బస్తాలు మోస్తున్న కంచర గాడిదలు, కోతలు, నూర్పిళ్లు, ద్రాక్షతోటలు. ఒక రైతు పందిని పట్నానికి తోలుకొస్తుంటాడు. నల్లటి ఒళ్లు, భుజాల మీదుగా తెల్లటి పట్టీ. చింతా సెనేసె అనే ఆ జాతిని ఇవాళ్టికీ ఆ ప్రాంతంలో పెంచుతున్నారు.

పల్లె మీద గాలిలో తేలుతూ ఒక స్త్రీమూర్తి ఉంటుంది. పేరు భద్రత. ఒక చేతిలో ఉరికొయ్య, ఇంకో చేతిలో రాతపట్టీ. భయం లేకుండా ప్రతి మనిషీ దారిన నడవాలి, దున్ని విత్తుకోవాలి అని ఆ రాత సారాంశం. ప్రభుత్వం పని ఏమిటని అడిగితే రోడ్డునీ పొలాన్నీ చూపించిన ఆ గోడంటే నాకు ఎంతో గౌరవం. అది గీసిన పదేళ్లకే, 1348లో, ప్లేగు వచ్చి సియెనాను ఊడ్చేసింది. లోరెంజెత్తి కూడా ఆ మహమ్మారికే పోయాడని చరిత్రకారుల నమ్మకం. ఊరి పెద్ద గుడిని ఇంకా ఎంతో పెద్దది చేయాలని 1339లో మొదలుపెట్టిన పని ఆగిపోయింది. కట్టడం ఆగిన ఆ మొండి గోడ ఇప్పటికీ అలాగే నిలబడి ఉంది. దాని పైకెక్కితే ఊరంతా కనిపిస్తుంది.

ఇక కారు సంగతి. మన లైసెన్సుతో పాటు ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఉండాలి. బయల్దేరేముందే ఇక్కడి ఆర్టీవో ఆఫీసులో తీసుకోండి. అక్కడ బండి కుడిపక్కన నడపాలి. అద్దె కార్లలో గేర్లవే ఎక్కువ, ఆటోమేటిక్ కావాలంటే ముందే చెప్పి ఉంచాలి. పాత ఊళ్ల నడిబొడ్డుకు బయటి కార్లు పోకూడదు. దాన్ని జడ్‌టీఎల్ అంటారు. తెల్లటి గుండ్రటి బోర్డు, చుట్టూ ఎర్ర అంచు. అది దాటితే కెమెరా నంబరు పట్టుకుంటుంది, జరిమానా కాగితం కొన్ని నెలల తర్వాత ఇంటికొస్తుంది. కాబట్టి కారు కోట గోడ బయటే ఆపి నడిచి వెళ్లండి. తెల్ల గీతలుంటే ఉచితం, నీలం గీతలుంటే డబ్బు కట్టాలి, పసుపు గీతలు మనకు కావు.

సియెనా దాటి దక్షిణంగా కాస్సియా రోడ్డు పట్టుకోండి. రోమన్ల కాలం నాటి పేరు అది. ఆ రోడ్డును అంటిపెట్టుకునే ఇంగ్లండులోని కాంటర్‌బరీ నుంచి రోమ్‌కు యాత్రికులు నడిచిన దారి కూడా పోతుంది. ఊరు వెనక్కి పోగానే క్రేతె అనే బంకమట్టి గుట్టలు మొదలవుతాయి. మే నెలలో పచ్చటి గోధుమ, మధ్యమధ్య ఎర్రటి పాపీ పూలు. జూలైకల్లా అంతా బంగారు రంగు. దుక్కి అయ్యాక బూడిదరంగు గడ్డలు. ఒకే గుట్టను మూడు కాలాల్లో చూస్తే మూడు దేశాలనిపిస్తుంది.

ఆ గుట్టల మీద ఒంటరి రాతి ఇళ్లు కనిపిస్తాయి. క్యాలెండర్లలో అందరూ చూసే ఉంటారు. వాటి కథ చాలామందికి తెలియదు. వందల ఏళ్ల పాటు అక్కడ మెద్జాద్రియా అనే సేద్యం నడిచింది. భూమి, ఇల్లు దొరవి, కష్టం రైతు కుటుంబానిది, పంటలో చెరి సగం. మన పల్లెల్లో సగపాలు సేద్యం తెలిసినవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. కింద పశువుల కొట్టం, పైన మనుషుల కాపురం. రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఆ కుటుంబాలు ఫ్యాక్టరీ పనులకు పట్నాలకు తరలిపోయాయి. 1964లో అలాంటి కొత్త ఒప్పందాలను చట్టం నిషేధించింది. ఖాళీ అయిన ఇళ్లే చాలావరకు ఇవాళ మనం దిగే పల్లె బసలు, అగ్రితూరిజ్మోలు. అలాంటి ఇంట్లో ఒకచోటే మకాం పెట్టి, రోజుకొక దిక్కుకు వెళ్లి రావడం అన్నిటికన్నా సుఖం. రాత్రి పడుకునే గది ఒకప్పుడు ఎవరి కాపురమో ఇంటివాళ్లని అడగండి. చాలామంది ఇష్టంగా చెబుతారు.

లా ఫోచె అనే ఎస్టేటు దగ్గర గుట్ట మీద వంకర్లు తిరుగుతూ పైకిపోయే సరుగుడు చెట్ల లాంటి సైప్రస్ వరుస ఉంది. టస్కనీ అనగానే ఆ ఫోటోనే వేస్తారు. చూసినవాళ్లు అదేదో మధ్యయుగాల నాటిదనుకుంటారు. నిజానికి 1924లో ఆ ఎస్టేటు కొన్న ఆంతోన్యో, ఐరిస్ ఒరీగో దంపతులు వేయించిన దారి అది. వాళ్లు వచ్చేనాటికి ఆ నేల కోసుకుపోయిన బంకమట్టి. దాన్ని సాగులోకి తెచ్చారు, బడి పెట్టారు. 1943, 44లో యుద్ధం మీదికి వచ్చినప్పుడు ఊళ్లొదిలి వచ్చిన పిల్లలకూ, తప్పించుకున్న యుద్ధఖైదీలకూ ఆశ్రయమిచ్చారు. 2004లో యునెస్కో వాల్ దోర్చాను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అడవినో కొండనో చూసి కాదు, మనుషులు తీర్చిన పొలాలను చూసి.

పియెంజాకు ఒక పగలంతా ఇవ్వండి. కోర్సిన్యానో అనే కుగ్రామంలో 1405లో పుట్టిన ఏనెయా పిక్కొలోమినీ, 1458లో రెండో పియుస్ అనే పేరుతో పోప్ అయ్యాడు. మరుసటి ఏడు సొంతూరిని నమూనా పట్నంగా మార్చమని బెర్నార్దో రొస్సెల్లీనో అనే శిల్పికి అప్పజెప్పాడు. మూడు నాలుగేళ్లలో చౌకు, గుడి, భవనం లేచాయి. ఖర్చు చెప్పినదానికన్నా ఎంతో మించిపోయింది. ముందే నిజం చెప్పి ఉంటే ఇది కట్టనిచ్చేవాళ్లం కాదని పోప్ ఆ శిల్పిని మెచ్చుకున్నాడు. అంత ఇష్టం ఆయనకు పుట్టినూరంటే. గుడిని వెలుతురు బాగా పడేలా వాలు అంచుకు తోసి కట్టారు. ఆ నేల జారేది కావడంతో వెనక భాగం కుంగుతూ వచ్చింది. లోపల నిలబడితే నేల వాలు కాళ్లకు తెలుస్తుంది. పక్కనున్న పోప్ భవనం వెనక మూడంతస్తుల వసారా లోయకేసి, అమియాతా కొండకేసి తెరుచుకుంటుంది. పొలాన్ని చూడ్డానికని కట్టిన ఇల్లు!

భోజనం సంగతి కూడా చెప్పాలి. మధ్యాహ్నం రెండున్నర దాటితే వంటశాల మూసేస్తారు, రాత్రి ఏడున్నర దాకా తెరవరు. శాకాహారులు పీచీ ఆల్యోనె అడగండి. చేత్తో పేనిన లావుపాటి పిండి తాళ్లు, టమాటా, పెద్ద రెబ్బల వెల్లుల్లి. మన నోటికి బాగా పడుతుంది. అక్కడి రొట్టెలో ఉప్పుండదు, ఊరి ఆచారం. పియెంజా గొర్రెపాల జున్ను పెకొరీనో పేరున్నది. అయితే పాలు విరవడానికి సాధారణంగా పశువు కడుపులోంచి తీసిన పదార్థం వాడతారు, నిష్ఠగా ఉండేవాళ్లు అడిగి తినండి.

బాన్యో విన్యోనిలో చౌకు ఉండాల్సిన చోట వేడినీటి కోనేరు ఉంటుంది. అందులో దిగనివ్వరు, చుట్టూ నడిచి రండి. సాయంత్రం బాగుంటుంది.

అక్కణ్నుంచి దక్షిణానికి పోతే రదికోఫని బురుజు చాలా దూరం నుంచే కనిపిస్తుంది. పదమూడో శతాబ్దం చివర్లో గీనో ది తాక్కో అనే బందిపోటు ఆ కోటను పట్టుకుని, కింద దారిన పోయే సంపన్న యాత్రికుల్ని దోచేవాడు. సియెనా గోడ మీద ఉరికొయ్య ఎందుకు గీశారో ఆ బురుజు మీదినుంచి రోడ్డును చూస్తే బోధపడుతుంది.

చివరగా ఓర్వియెతో. అగ్నిపర్వతపు మెత్తరాతి గుట్ట మీది ఊరు. 1527లో రోమ్‌ను సైన్యాలు దోచినప్పుడు పోప్ ఏడో క్లెమెంట్ ఇక్కడికి పారిపోయి వచ్చాడు. ముట్టడి వస్తే నీళ్లెలా అని పెద్ద బావి తవ్వించాడు. ఆంతోన్యో ద సంగాల్లో రూపకల్పన, 1537లో పూర్తి. మన దిగుడుబావుల్లో మెట్లు తిన్నగా నీళ్లకు దిగుతాయి. ఇక్కడ గుండ్రటి గోడ చుట్టూ మెలితిరిగిన రెండు మెట్లదారులు, ఒక్కోదానికి 248 మెట్లు. కంచర గాడిదలు ఒకదానిలో దిగి, అడుగున చిన్న వంతెన దాటి, నీళ్లతో రెండోదానిలో ఎక్కేవి. ఎదురెదురు పడే పనే లేదు. గోడలోని కిటికీల్లోంచి మధ్య బావి వెలుతురు మెట్ల మీద పడుతుంది.

కారు ఓర్వియెతోలోనే అప్పగించేసి రోమ్‌కు రైలెక్కండి, రోమ్‌లో కారు భారమే. స్టేషన్ గుట్ట కింద ఉంది, పైనుంచి కేబుల్ రైలు దింపుతుంది. ఇక మీ ప్రశ్నలు. అమ్మానాన్నల్ని తీసుకెళ్లాలనుకునేవాళ్లు ముందు అడగండి, ఎక్కడెక్కడ ఎత్తులు తప్పించుకోవచ్చో ఊరూరికీ చెబుతాను.